ప్రెస్ మూతపడ్డాక ముందు ఏం చూడాలి? ఓ పాత అచ్చాఫీసు యజమాని సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. పాలకొల్లులో మీ నాన్నగారి ఆఫ్‌సెట్ ప్రెస్ ముప్ఫై రెండేళ్ళు నడిచి మూడు నెలల కిందట మూతపడింది. బ్యాంకు నుంచి అరవై రోజుల నోటీసు వచ్చింది, అది కాక ప్రోనోట్ల అప్పులున్నాయి. ఐదుగురు పనివాళ్ళకి ఇంకా ఏమీ తేల్చలేదు. రావలసిన బాకీలు పుస్తకం నిండా ఉన్నాయి గానీ ఒక్కరూ ఫోనెత్తడం లేదు. తమ్ముడు ఫ్లెక్సీ మిషను పెడదామంటున్నాడు. నాన్నగారు ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. తప్పెక్కడ జరిగింది, ముందు ఏది చూడాలి, బోర్డు తీసెయ్యాలా అని అడిగారు.

నేను కొత్తపేట దగ్గర 1989 నుంచి 2020 దాకా ప్రెస్ నడిపి మూసినవాణ్ణి. లాయర్ని కాను, ఆడిటర్ని కాను. మూసేటప్పుడు చెయ్యగలిగిన తప్పులన్నీ చేశాను, ఆ అనుభవంతో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఈ ఆదివారమే, మిషను దగ్గరికి వెళ్ళండి. మూసిన రోజు రోలర్లు కడిగారో లేదో కనుక్కోండి. మనసు బాగోక తాళం వేసి వచ్చేసి ఉంటే ఇంకు రోలర్ల మీదే గట్టిపడిపోతుంది. ఒకదానికొకటి ఆనుకున్న చోట రబ్బరు నొక్కుకుపోతుంది. తర్వాత ఎంత కడిగినా షీటు మీద చార పడుతూనే ఉంటుంది. మీ పాత మిషన్‌మాన్‌ని బతిమాలి తీసుకెళ్ళి, ఆ రోజు కూలి చేతిలో పెట్టి, రోలర్లు కడిగించి ఎత్తించండి. సిలిండరుకి చుట్టిన రబ్బరు బ్లాంకెట్ వదులు చేయించండి. సిలిండర్లకీ, కాగితం పట్టుకునే గ్రిప్పర్లకీ నూనె రాయించండి. మన డెల్టా గాలికి ఇనుము తుప్పెక్కడానికి ఒక్క వానాకాలం చాలు. కరెంటు మీటరు మాత్రం పీకించకండి, కొనడానికి వచ్చినవాడు నాలుగు షీట్లు కొట్టి చూడందే రేటు చెప్పడు. నడుస్తున్న మిషనుకైతే మిషను ధర చెప్తాడు, ఆగిపోయినదానికి తుక్కు లెక్కన కిలోల్లో చెప్తాడు. నేను జూన్‌లో మూసి అక్టోబర్‌లో బేరం పెట్టాను. పదహారు లక్షలు పోసి కొన్న సెకండ్‌హ్యాండ్ రెండు రంగుల మిషను రెండు లక్షల పదివేలకి పోయింది. అందులో సగం నష్టం ఆ నాలుగు నెలల వానదే.

బేరానికి ముందు ఇంకో మాట. మిషను బ్యాంకుకి హైపోథికేషన్‌లో, అంటే అప్పుకి హామీగా, ఉంటే బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అమ్మకూడదు. అమ్మితే అప్పు వ్యవహారం కాస్తా క్రిమినల్ కేసు కావచ్చు. కొనేవాణ్ణి చూసుకుని, బ్యాంకు మేనేజరు దగ్గరికే తీసుకెళ్ళి, డబ్బు నేరుగా లోను ఖాతాలో పడేటట్టు మాట్లాడుకోండి. కటింగ్ మిషను, నంబరింగ్ మిషన్లు, చింపుకోవడానికి చిల్లులు వేసే పెర్ఫరేటింగ్ మిషను లాట్‌లో కలిపి ఇవ్వకండి, విడిగా అమ్ముడుపోతాయి. కటింగ్ మిషను అప్పులో లేకపోతే అసలు అమ్మనే అమ్మకండి. ఎందుకో చివర్లో చెప్తాను.

వెనక గదిలో పాత ట్రెడిల్ (కాలితో తొక్కే అచ్చు యంత్రం), లోహపు అక్షరాల అచ్చులు పెట్టే కేసులు ఉన్నాయన్నారు. తుక్కువాడు వచ్చి "సీసం కదండీ" అంటాడు. అది ఒట్టి సీసం కాదు, అందులో ఆంటిమొనీ, తగరం కలిసి ఉంటాయి. తగరం ధర సీసం కంటే చాలా ఎక్కువ. ఇద్దరు ముగ్గురిని అడిగి, కాటా మీ ఎదురుగానే వేయించండి. చెక్క కేసులు మీకు మిగలాలి, అవి బేరంలో లేవని ముందే చెప్పండి. ఇంట్లో ఎవరూ ఆ అచ్చులు కరిగించే ప్రయత్నం చెయ్యకండి, ఆ పొగ పిల్లలకి మంచిది కాదు.

ఇప్పుడు తప్పెక్కడ జరిగిందన్నది. కంప్యూటర్ వచ్చి ప్రెస్సుల్ని మింగేసిందని అందరూ అంటారు. నా మటుకు నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. నేను కేసు ముందు నిలబడి స్టిక్‌లో, అంటే చేతిలో పట్టుకునే పట్టీలో, అచ్చులు పేర్చిన కాలం నుంచి వచ్చాను. తెలుగులో ఒత్తులు, గుణింతాలు కలిపి వందల రకాల అచ్చులు ఉండేవి, ఏ గడిలో ఏది ఉందో కళ్ళు మూసుకుని తీసేవాళ్ళం. కంప్యూటర్లో పేజీలు కట్టే పేజ్‌మేకర్, అనూ తెలుగు ఫాంట్లు వచ్చాక కంపోజిటర్లకి పని పోయింది. మా దగ్గర ఇద్దరు కన్నీళ్ళు పెట్టుకుని వెళ్ళారు. అయినా ప్రెస్ పోలేదు, నిజానికి పని పెరిగింది. నా ఆఫ్‌సెట్ 1998లో వచ్చింది, ఆ తర్వాత పదిహేనేళ్ళు బాగానే తిన్నాం.

అప్పట్లో మమ్మల్ని నిలబెట్టింది శుభలేఖలని ఊరంతా అనుకునేది. గాజుగ్లాసుల్లా మెరిసే కార్డులు బల్ల మీద పరిచి ఉంటాయి కదా, చూసినవాళ్ళకి అవే కనపడతాయి. పెళ్ళి కార్డు శివకాశి నుంచి వచ్చేది, మేం పైన పేర్లు వేసి ఇచ్చేవాళ్ళం, అందులో మిగిలేది కొంచెమే. పైగా మూఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు, ఆషాఢం ఉండదు, పుష్యం ఉండదు. అద్దె, కరెంటు, జీతాలు కట్టింది బిల్లు పుస్తకాలు. ధాన్యం కొట్ల కాటా చీటీలు, అంబాజీపేట కొబ్బరి వర్తకుల చిట్టాలు, రొయ్యల మేత డీలర్ల బిల్లులు, ఎరువుల కొట్ల రసీదులు, ఆసుపత్రి ఓపీ చీటీలు. ఒక రంగు, మాప్‌లితో అనే మామూలు తెల్ల కాగితం, కింద ఒక కార్బను కాపీ. చూడ్డానికి ఏమీ ఉండదు. కానీ మూఢంలోనూ ఆగదు, కస్టమరు డిజైను మార్చమని సతాయించడు, పాత మాస్టరు (అచ్చు ప్లేటు) తీసి నంబరు మార్చి కొట్టడమే.

2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చింది. పన్ను సంగతి అలా ఉంచండి, దాంతో కొట్టుకొట్టుకీ బిల్లింగు కంప్యూటర్ వచ్చింది, చిన్న థర్మల్ ప్రింటరు వచ్చింది. రెండేళ్ళలో నా బిల్లు పుస్తకాల పని మూడోవంతుకి పడిపోయింది. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాక దరఖాస్తు ఫారాల పని కూడా చాలా మటుకు ఆన్‌లైన్‌కి పోయింది. పెళ్ళి కార్డులు మాత్రం అలాగే ఉన్నాయి, కాబట్టి కొట్టు ఎప్పుడూ కళకళలాడుతూనే కనిపించింది. మీ నాన్నగారికి కూడా సరిగ్గా అదే జరిగి ఉంటుంది. పాత ఆర్డరు పుస్తకాలు తీసి 2016 నుంచి బిల్లు పుస్తకాల వరసని మాత్రం చూడండి. మీ ప్రెస్ ఎప్పుడు జబ్బుపడిందో అక్కడ తెలుస్తుంది. మూతపడిన తేదీ, జబ్బుపడిన తేదీ ఒకటి కావు.

అయినా పని తగ్గితే మనుషులు తగ్గి, చిన్నగా బతకొచ్చు. మునిగింది ఎక్కడంటే, రెండో మిషను దగ్గర. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు. పన్నెండేళ్ళకోసారి వచ్చే పండగ, కరపత్రాలు, టిక్కెట్లు, స్తోత్ర పుస్తకాలు, అన్నదానం కూపన్లు, రాజమండ్రి నుంచి నరసాపురం దాకా పనే పని అనుకున్నాం. 2014లో రెండు రంగుల మిషను కొన్నాను. బ్యాంకు పదకొండు లక్షలిచ్చింది, మిగతా ఐదు లక్షలు ప్రోనోట్ల మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. పుష్కరాల పని నిజంగానే వచ్చింది, అబద్ధమాడకూడదు. ఎనిమిది నెలలు రాత్రింబగళ్ళు కొట్టాం. తర్వాత ఆ మిషనుకి వారంలో రెండు రోజులు పని ఉంటే ఎక్కువ. ఐదు లక్షలకి నెలకి పదివేల వడ్డీ మాత్రం ప్రతి ఒకటో తారీకూ వచ్చేది. ఐదేళ్ళలో ఆరు లక్షలు వడ్డీ కట్టాను, అసలు ఐదూ అలాగే కూర్చుంది.

1996 నవంబరు 6 తుఫాను మీకు గుర్తుండకపోవచ్చు. మా కోనసీమలో కొబ్బరి తోటలు నేలకి పరిచేసింది. నా రేకుల షెడ్డు ఎగిరిపోయింది, పదహారు రీముల కాగితం ముద్దయిపోయింది. అచ్చులకి మాత్రం ఏమీ కాలేదు, కడిగి ఆరబెట్టుకుని మళ్ళీ పేర్చుకున్నాం. నష్టపరిహారం ఫారాలు కొట్టడంతోనే తిరిగి మొదలెట్టాం, ఆరు నెలల్లో లేచి నిలబడ్డాను. ఎందుకు లేవగలిగానంటే అప్పుడు నాకు అప్పు లేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఒక్క రేకు కూడా ఎగరలేదు, కాగితం తడవలేదు, మిషను చెక్కుచెదరలేదు. అయినా మూడు నెలలు ఆగలేకపోయాను.

ఇక అరువు. మీ బాకీల పుస్తకంలో సగం ఎన్నికల పనే అయి ఉంటుందని నా అనుమానం. 2020 మార్చిలో ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలకి మా చుట్టుపక్కల మండలాల పోస్టర్లు, గుర్తుల కరపత్రాలు కొట్టి కట్టలు కట్టి ఇచ్చాం. మార్చి 15న ఎన్నిక వాయిదా పడింది. "ఎన్నికైపోయాక లెక్క చూసుకుందాం" అన్నారు అభ్యర్థులు. ఆ ఎన్నిక 2021 ఏప్రిల్ 8న జరిగింది. అప్పటికి నా ప్రెస్ మూసి పది నెలలు. ఓడినవాడు కనపడడు, గెలిచినవాడు దొరకడు అని మా మిషన్‌మాన్ అనేవాడు. ఆ రెండూ నాకు ఒకే ఎన్నికలో జరిగాయి.

ఎన్నికల పని గురించే ఇంకో మాట. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం కరపత్రం మీద ప్రింటరు, పబ్లిషరు పేరు, చిరునామా ఉండాలి. వేయించేవాడి దగ్గర ఇద్దరు సాక్షులతో డిక్లరేషన్ తీసుకుని, ఒక ప్రతి కరపత్రంతో పాటు అధికారులకి పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రెస్ మూసేశాం కదా అని ఆ ఫైళ్ళు తుక్కులో వెయ్యకండి. బాకీ వసూలుకి అవే మీ దగ్గర ఉన్న గట్టి కాగితాలు, ఎందుకంటే వేయించింది ఎవరో సంతకంతో ఉంటుంది.

బాకీలు ఎలా రాబట్టాలంటే, ముందు తేదీలు చూడండి. మామూలు బాకీకి మూడేళ్ళు దాటితే కోర్టులో దావా వెయ్యడానికి కాలదోషం పడుతుంది. మూడేళ్ళు నిండకముందే బాకీ ఉన్నానని కస్టమరు రాసి సంతకం పెడితే, లేదా కొంత కట్టి ఆ కట్టిన సంగతి తన సంతకంతో రాయిస్తే, మూడేళ్ళు మళ్ళీ మొదలవుతాయి. మన ఊళ్ళలో ప్రోనోటు వెనక చెల్లు వేయించుకోవడం అందరికీ తెలుసు, బిల్లు బాకీకి కూడా అదే పనిచేస్తుందని చాలామందికి తెలియదు. కాబట్టి "మొత్తం ఇప్పుడే కట్టండి" అని వెళ్ళకండి. వెయ్యో రెండు వేలో తీసుకుని మిగతాది ఇంత అని రాయించుకురండి. వెళ్ళేది మీరయితే బాగుంటుంది, నాన్నగారు కాదు. నాన్నగారు వెళ్తే కాఫీ ఇచ్చి పాత కబుర్లు చెప్పి పంపేస్తారు. నాకు పదిచోట్ల అలాగే జరిగింది.

స్కూళ్ళు, కంపెనీలు, ఆఫీసుల బాకీలకి ఇంకో దారి ఉంది. ప్రెస్‌కి ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ సరుకు ఇచ్చే నాటికే ఉందనుకోండి, ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాళ్ళు 45 రోజుల్లోపు కట్టాలి. కట్టకపోతే రిజర్వు బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే, ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ చూస్తుంది. నాకు ఒక ప్రభుత్వ ఆఫీసు నుంచి రెండేళ్ళ బాకీ ఉండేది. కౌన్సిల్ దాకా పోకుండానే, నోటీసు ముసాయిదా తీసుకెళ్ళి సూపరింటెండెంటు బల్ల మీద పెడితే పదిహేను రోజుల్లో చెక్కు వచ్చింది.

ఇప్పుడు కట్టాల్సినవి. ఏది ముందు అన్నదానికి నా జవాబు చాలామందికి నచ్చదు. ముందు పనివాళ్ళు, తర్వాత బ్యాంకు, తర్వాత కాగితం కొట్టు, ఆ తర్వాతే ప్రోనోట్లు.

పనివాళ్ళ సంగతి. ఇప్పుడు ఐదుగురే ఉన్నా, ఒకప్పుడు పన్నెండు మంది ఉండేవారన్నారు. గ్రాట్యుటీ పది మంది ఉన్న సంస్థకి వర్తిస్తుంది. ఒకసారి వర్తించాక తర్వాత సంఖ్య పది కంటే తగ్గినా పోదు. లెక్క ఇదీ: చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఎన్నేళ్ళు చేస్తే అన్నిటితో హెచ్చవెయ్యాలి. పదమూడు వేల జీతంతో ఇరవై ఏళ్ళు చేసిన మనిషికి లక్షా యాభై వేలు. ఒకేసారి లేకపోతే ఆ మాటే చెప్పి, వాయిదాలు కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. ప్రావిడెంట్ ఫండ్ కట్టి ఉంటే వాళ్ళు పని మానేసిన తేదీ నమోదు చెయ్యండి, లేకపోతే వాళ్ళ డబ్బు వాళ్ళు తీసుకోవడానికి తిరగాల్సి వస్తుంది. నేను నా బైండరుకి "తర్వాత చూస్తాను" అని రెండేళ్ళు తిప్పాను. పెళ్ళి భోజనాల్లో ఎదురైతే నేనే పక్క పంక్తిలోకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. చివరికి నా స్థలం అమ్మిన డబ్బులో మొదట అతనిదే తీశాను. మా మిషన్‌మాన్ ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, డీటీపీ (కంప్యూటర్ కంపోజింగ్) అమ్మాయి జిరాక్సు సెంటరు పెట్టుకుంది, ఇంకొకతను రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు. అందరిలోకీ ఎక్కువ సంపాదిస్తున్నది ఆ జిరాక్సు సెంటరు అమ్మాయే.

బ్యాంకు నోటీసుకి భయపడి ఇల్లు అమ్మేయకండి, అలాగని తీసి గూట్లో పెట్టెయ్యకండి. మీరు చెప్పింది సర్ఫేసీ చట్టం, అంటే కోర్టుకి పోకుండానే తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకుకి వీలిచ్చే చట్టం, 13(2) నోటీసు లాగా ఉంది. అరవై రోజుల్లోపు మీ అభ్యంతరం రాతలో ఇవ్వచ్చు, ఇస్తే బ్యాంకు పదిహేను రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. బాకీ లెక్కలో తేడా ఉన్నా, మిషను అమ్మి కట్టడానికి గడువు కావాలన్నా అందులోనే రాయండి. ఆ తర్వాత బ్యాంకు స్వాధీనానికి వస్తే 45 రోజుల్లోపు రుణ వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్ళచ్చు. వ్యవసాయ భూమి తాకట్టు ఈ చట్టం కిందకి రాదు, దానికి బ్యాంకు మామూలు దారిలో పోవాల్సిందే. మీ నాన్నగారి ముప్పావు ఎకరం వరి చేనైతే సరే, చెరువు తవ్వి రొయ్యలు వేసి ఉంటే మాత్రం ఆ మినహాయింపు సంగతి లాయరుని అడిగి తెలుసుకోండి. ఏకకాల పరిష్కారం, అదే ఓటీఎస్ (ఒక మొత్తానికి ఒప్పుకుని బాకీ ఒకేసారి తేల్చుకోవడం), మీ అంతట మీరే ఒక అంకె రాసి అడగండి. మేనేజరు చెప్పేదాకా కూర్చుంటే వడ్డీ పెరుగుతుంది. నాకు ఓటీఎస్ రెండో ప్రయత్నంలో వచ్చింది. మొదటిసారి నోటిమాటగా అడిగాను, కాగితం ఏదన్నారు.

కాగితం కొట్టుని ప్రోనోట్ల కంటే ముందు ఎందుకు పెట్టానంటే, రేపు మళ్ళీ పది రీములు అరువివ్వాల్సింది వాళ్ళే. ప్రోనోట్లవాళ్ళు బంధువులై ఉంటారు, బాధపడతారు, కానీ వాళ్ళకి ఇన్నాళ్ళూ రెండు రూపాయల వడ్డీ వెళ్ళింది. అందరినీ ఒకే రోజు ఇంటికి పిలవండి. ఒకరికి తెలియకుండా ఒకరికి కడితే గొడవ వీధిలోకి వస్తుంది. ఇవాళ్టి నుంచి వడ్డీ లేదు, అసలు ఇన్నేళ్ళలో తీరుస్తాం అని చెప్పండి. నా దగ్గర నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగోవాడు మా బావమరిది.

జీఎస్‌టీ మర్చిపోతారు చాలామంది. వ్యాపారం ఆపిన 30 రోజుల్లో రద్దుకి దరఖాస్తు పెట్టాలి, మీకు ఇప్పటికే ఆలస్యమైంది. రద్దు ఆర్డరు వచ్చాక మూడు నెలల్లోపు చివరి రిటర్ను, జీఎస్‌టీఆర్-10, వెయ్యాలి. మిగిలిన కాగితం, ఇంకు, మిషన్ల మీద తీసుకున్న పన్ను క్రెడిట్‌లో కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. అందుకే మిషను అమ్మడం, రద్దు ఈ రెండిట్లో ఏది ముందో ఆడిటర్ని అడిగి తేల్చుకోండి. అప్పటిదాకా నిల్ రిటర్నులైనా వేస్తూ ఉండండి, లేకపోతే ఆలస్య రుసుము తడిసి మోపెడవుతుంది.

తమ్ముడి ఫ్లెక్సీ మిషను. వద్దమ్మా. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు మా దగ్గర రెండు నెలల కిందటే మిషను దింపిన కుర్రాడు పెట్టిన మొహం నేను చూశాను. నిషేధం ఎంతవరకు అమలైందో మీరూ చూస్తూనే ఉన్నారు, కానీ ఎవరో ఒక ప్రకటన చేస్తే ఊగిపోయే వ్యాపారానికి అప్పు చెయ్యడం ఏమిటి? మండలానికి నాలుగు మిషన్లున్నాయి, చదరపు అడుగుకి ఒకరు రూపాయి తగ్గిస్తే ఇంకొకరు రెండు తగ్గిస్తారు. "2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి కదండీ" అని కూడా మీ తమ్ముడు అనే ఉంటాడు. పైన నా రెండో మిషను కథ అతనికి ఇంకోసారి చదివి వినిపించండి.

మరి ఏం చెయ్యాలి? మిషను లేకుండా ప్రెస్ నడపండి. ఒక గది, ఒక కంప్యూటరు, మీ దగ్గర మిగిలిన కటింగ్ మిషను. అచ్చు రాజమండ్రిలోనో భీమవరంలోనో విజయవాడలోనో జాబ్ వర్క్ మీద వేయించండి. వాళ్ళ మిషన్లు కూడా సగం రోజులు ఖాళీగానే ఉన్నాయి, రేటు బాగానే ఇస్తారు. మీ నాన్నగారికి ఇది నామోషీగా ఉండొచ్చు, నాకూ ఉండేది. వేరేవాళ్ళ ప్రెస్‌లో వేయించడం ఏమిటి అని. వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టినప్పుడు మద్రాసులో అచ్చు వేయించి రాజమండ్రి తెప్పించుకున్నారు, సొంత అచ్చుకూటం తర్వాత వచ్చింది. ఆయనకి లేని నామోషీ మనకెందుకు?

నాకు ఈ దారి దొరికింది 2022 ఏప్రిల్ 4న, జిల్లాలు విడగొట్టినప్పుడు. మా వైపు ప్రతి కొట్టువాడి లెటర్‌హెడ్డు మీదా, రబ్బరు స్టాంపు మీదా తూర్పు గోదావరి తీసి కోనసీమ పెట్టాలి. నా దగ్గర మిషను లేదు, కానీ పాత ఫైళ్ళన్నీ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. ఫోను చెయ్యడం, ఒక లైను మార్చడం, పంపి వేయించడం. రెండు నెలల్లో నలభై మంది పాత కస్టమర్లు తిరిగొచ్చారు. మీ పాలకొల్లుకి జిల్లా పేరు మారలేదు గానీ ఫైళ్ళ విలువ మాత్రం అంతే. నాన్నగారి కంప్యూటర్ తుక్కుకి వెయ్యకండి. రెండు చోట్ల కాపీ చేసుకోండి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, కొత్త కంప్యూటర్లలో ఆ ఫైళ్ళు తెరవడం కష్టం, కాబట్టి పాత యంత్రం నడుస్తున్నప్పుడే పీడీఎఫ్‌లుగా మార్చి పెట్టుకోండి. అనూ అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు ఒకసారి చూసుకోవాలి, 'క్ష', 'ర్య' లాంటివి తారుమారవుతుంటాయి.

ఇప్పుడు పని ఎక్కడుందంటే, డబ్బాలు, స్టిక్కర్లు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఇంటి దగ్గర చుట్టేవాళ్ళు కూడా పేరున్న డబ్బా కావాలంటున్నారు. పచ్చళ్ళు, కాజాలు, కొబ్బరి నూనె, నర్సరీ మొక్కల ట్యాగులు, అందరికీ ఐదొందలో వెయ్యో చాలు. పెద్ద ప్రెస్సులు అంత చిన్న పనికి విసుక్కుంటాయి. తినేదాని డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, తయారైన తేదీ, ఎప్పటిదాకా వాడొచ్చో, బరువు, పదార్థాలు ఉండాలని వాళ్ళలో సగం మందికి తెలియదు. ఆ సంగతి చెప్పి, వేసి, కత్తిరించి ఇచ్చేవాడికి డబ్బులిస్తారు. అచ్చేసిన కాగితం తినేదానికి నేరుగా తగలకూడదని కూడా చెప్పాలి, లోపల వేరే పొర పెట్టించండి. అప్పు పెట్టకండి, సగం ముందే తీసుకోండి. మొదటి నెల ఇద్దరు ముగ్గురు కోపగించుకుని వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వండి.

నాన్నగారి గురించి నేనేమీ పెద్దగా చెప్పలేను. మూసిన ఏడాది నేనూ మాట్లాడలేదు. సాయంత్రం ఆరింటికి కాళ్ళు వాటంతటవే కొట్టు వైపు వెళ్ళేవి. తాళం చూసి కాలవ గట్టు మీద కూర్చుని వచ్చేవాణ్ణి. మా అబ్బాయి ఒకరోజు ఎవరిదో పెద్దకర్మ కార్డు ప్రూఫు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా స్నానానికి పోయాడు. తిథి తప్పు ఉంది, కోడలి పేరు అల్లుడి పక్కన పడింది. ఎర్రపెన్ను కోసం ఇల్లంతా వెతికాను. మీరు కూడా "మందులేసుకున్నారా" అని అడగడం ఒక వారం ఆపి, ప్రూఫులు పెట్టి చూడండి. ఉచితంగా దిద్దిపెట్టమని కాదు, పేజీకి ఇంత అని లెక్క కట్టి ఇవ్వండి.

బోర్డు తియ్యకండి. నాది నాలుగేళ్ళు అలాగే ఉంచాను. దాన్ని చూసే పెద్దకర్మ కార్డులకి జనం వచ్చి తలుపు తట్టేవారు, పదో రోజుకి కార్డు కావాల్సినవాళ్ళు శివకాశి దాకా ఆగలేరు కదా. పక్క కొట్టువాడు వాళ్ళని మా ఇంటికి పంపేవాడు. ఒక్కటి మాత్రం చూసుకోండి, బోర్డు మీద ఉన్న ఫోను నంబరు ఇప్పటిదేనా అని. నా బోర్డు మీద ల్యాండ్‌లైన్ నంబరే ఉండిపోయింది, ఆ ఫోను ఎప్పుడో 2011లోనే తీయించేశాం.